పరిశోధన ఎవరి సొత్తు?

మన హాస్టల్ నోటీసు బోర్డు మీద ఏయే కాగితాలు అంటించి ఉంటాయో ఇది చదివే తమ్ముళ్ళకూ, ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన అన్నలకూ వేరే చెప్పక్కర్లేదు. గ్రూప్-2, కానిస్టేబుల్, డీఎస్సీ, రైల్వే. పేపర్ కటింగులు, ఆఖరి తేదీ కింద ఎర్ర గీత. అవి వద్దని మేము అనడం లేదు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పట్టా అందుకున్నవాడి మీద ఎన్ని కళ్ళు ఆశగా ఉంటాయో మాకు బాగా తెలుసు, మేమూ ఆ ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. కానీ మేమిక్కడ ఉన్న మూడేళ్ళలో ఆ బోర్డు మీద పరిశోధన గురించి ఒక్క కాగితం కూడా చూడలేదు. ఎవరూ అడగనూ లేదు. ఇప్పుడు పీజీలో చేరాక, ఎకనామిక్స్ చదివేవాళ్ళం, జువాలజీ చదివేవాళ్ళం, ఫిజిక్స్ చదివేవాళ్ళం ఒకే గదిలో రాత్రిళ్ళు మాట్లాడుకుంటుంటే తేలిన సంగతి ఒకటుంది. దాన్నే వార్షికోత్సవ సంచికలో మీ ముందు పెడుతున్నాం.

పరిశోధన అంటే తెల్లకోట్లు, అద్దాల గదులు, గడగడా ఇంగ్లీషు అనీ, అది మనలాంటివాళ్ళకు కాదనీ ఒక నమ్మకం ఉంది. నిజానికి మనవాళ్ళు సైన్సులోకి ఏనాడో వెళ్ళారు. ఏ వేషంలో వెళ్ళారన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్‌లో బేగంపేట మీదుగా వెళ్ళేవాళ్ళు రోనాల్డ్ రాస్ పేరున్న పాత భవనం చూసే ఉంటారు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రాస్ కనిపెట్టింది సికింద్రాబాద్‌లో పనిచేస్తున్నప్పుడే, 1897 ఆగస్టు 20న. అందుకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ దోమలు కుట్టింది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. ఆయన్ని పడుకోబెట్టి, పెంచిన దోమల్ని ఆయన మీదికి వదిలి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన ఇచ్చారు. రాస్ గొప్పతనాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఎండాకాలం ఉక్కలో, చెమటకు తుప్పు పట్టిన మైక్రోస్కోపు ముందు నెలల తరబడి దోమల్ని కోసి చూడటం మాటలు కాదు. కానీ ఆ గదిలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరికి నోబెల్, ఒకరికి అణాలు. మన తాతలు సైన్సులోకి ప్రవేశించింది ఆ రెండో తలుపు గుండానే.

ఇది నూరేళ్ళ నాటి ముచ్చట అని కొట్టేయకండి. మాలో సగం మంది ఇళ్ళల్లో పత్తి పంట. 2002లో బీటీ పత్తికి ప్రభుత్వ అనుమతి వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే వరంగల్ చుట్టుపక్కల చేలన్నీ ఆ విత్తనంతో నిండిపోయాయి. కొత్త వస్తువు ఒక ఊళ్ళోకి ఎలా వస్తుంది, ముందు ఎవరు అందుకుంటారు, ఎవరిని చూసి ఎవరు నేర్చుకుంటారు అనేదాని మీద ఒక శాస్త్రమే ఉంది. దానికి పునాది కూడా విత్తనమే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో బ్రైస్ ర్యాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు హైబ్రిడ్ మొక్కజొన్న గురించి 259 మంది రైతులను అడిగి 1943లో ఒక వ్యాసం అచ్చువేశారు. రైతులకు విత్తనం కబురు మోసింది కంపెనీ సేల్స్‌మన్, నమ్మించింది పక్క చేను రైతు అని వాళ్ళు తేల్చారు. అక్కడి రైతులు మొదట చిన్న మడిలో వేసి చూశారు, బాగుంటే మరుసటి ఏడు కాస్త పెంచారు. ఆ దారిలోనే ఎవరెట్ రోజర్స్ 1962లో 'డిఫ్యూజన్ ఆఫ్ ఇన్నోవేషన్స్' అనే పుస్తకం రాశాడు. ఆయన కూడా అయోవా రైతు కొడుకే. తండ్రి హైబ్రిడ్ విత్తనాన్ని ఏళ్ళ తరబడి వద్దన్నాడట. 1936 కరువులో పక్కవాళ్ళ హైబ్రిడ్ పైరు నిలబడి తమ పైరు వాడిపోతే అప్పుడు దారికి వచ్చాడట. అంటే ఒక శాస్త్రానికి పెద్ద అయినవాడు తన ఇంటి చేలో పుట్టిన ప్రశ్నతోనే బయల్దేరాడు.

మరి వరంగల్ పత్తి గురించి ఎవరు అడిగారు? అమెరికా నుంచి గ్లెన్ డేవిస్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త వచ్చి మన పల్లెల్లో ఏళ్ళ పాటు తిరిగి అడిగాడు. 2007లో ఆయన వ్యాసం అచ్చయింది. ఒక ఊళ్ళో ఒక ఏడు అందరూ ఒకే బ్రాండు మీద పడటం, మరుసటి ఏడు దాన్ని వదిలి ఇంకోదాని వెంట పోవడం, కొద్ది దూరంలోని ఊళ్ళో మరో బ్రాండుకు గిరాకీ. విత్తనాల పేర్లు అంత వేగంగా మారిపోతుంటే రైతు వేసి, చూసి, నేర్చుకునే వీలెక్కడ? చేను చూసి నేర్చుకునే నైపుణ్యమే పోతోందని ఆయన వాదించాడు. దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు, ఆ వాదం ఇంకా తెగలేదు. మాకు నచ్చిందీ, నొచ్చిందీ ఒకటే. విత్తనాల దుకాణం ముందు తెల్లారుజామున క్యూలో నిలబడింది మన నాయనలు. ఏ ప్యాకెట్టు ఎందుకు కొన్నారో రాత్రి అన్నం తింటూ చెప్పింది మనకే. ప్రశ్న మన కంచం పక్కనే ఉంది. సముద్రాలు దాటి వచ్చినవాడు దాన్ని ఎత్తుకున్నాడు. తప్పు ఆయనది కాదు, ఆయన వచ్చాడు కాబట్టే ఆ మాత్రమైనా అచ్చులోకి ఎక్కింది.

ఎకనామిక్స్ సంగతి కూడా ఇంతే. ఉత్తర కేరళలో చేపలు పట్టేవాళ్ళ మీద రాబర్ట్ జెన్సెన్ చేసిన పరిశోధన మా క్లాసులో చెప్పారు. 1997 జనవరి 14న వడకర తీరంలో 11 మంది పట్టిన చేపలు కొనేవాడు లేక పారబోయాల్సి వచ్చింది. అదే పొద్దున 15 కిలోమీటర్ల లోపల 27 మంది కొనేవాళ్ళు చేపలు దొరక్క వట్టి చేతులతో పోబోతున్నారు. ఆ సంవత్సరమే ఆ తీరానికి సెల్‌ఫోన్ టవర్లు రావడం మొదలైంది. నడి సముద్రం నుంచే ఫోను చేసి ధర అడిగి, గిరాకీ ఉన్న రేవుకు పడవ తిప్పడం మొదలుపెట్టారు. పారబోత ఇంచుమించు ఆగిపోయింది. చేపలవాళ్ళ లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకు ధర 4 శాతం తగ్గింది. ఎకనామిక్స్ అంటే బడ్జెట్ ప్రసంగం అనుకునే తమ్ముళ్ళు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు. మన దగ్గర కూరగాయల మార్కెట్లో టమాటా పారబోసే రోజులు లేవా?

ఏప్రిల్ 14 వస్తే హాస్టల్లో దండలు, పాటలు, ఉపన్యాసాలు. బాబాసాహెబ్ రాజ్యాంగం రాశారని అందరం చెప్తాం. వృత్తిరీత్యా మొదట ఆయన ఆర్థికశాస్త్ర పరిశోధకుడని ఎంతమందికి గుర్తుంది? లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేసిన పరిశోధన 1923లో 'రూపాయి సమస్య' పుస్తకంగా వచ్చింది. రూపాయి విలువ పడిపోతే ఎగుమతి వ్యాపారికి లాభం అని అప్పట్లో గట్టిగా వాదించేవారు. ఆ లాభం ఎక్కడి నుంచి వస్తోందని ఆయన అడిగారు. ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనకాల పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య ఎడంలో నలిగేది కూలివాడు. కూలి తెలిసిన ఇంటి పిల్లవాడు నాణేల శాస్త్రంలోకి వెళ్తే అడిగే ప్రశ్న అలా ఉంటుంది. విగ్రహానికి వేసే దండల్లో ఒకటి తగ్గించి ఆ పుస్తకం ఒక కాపీ లైబ్రరీకి కొంటే బాగుండునని మాకు ఉంది. సరే, అది వేరే సంగతి.

ఫిజిక్స్ చదివే మిత్రుడు మేఘనాథ్ సాహా పేరు చెప్పకుండా ఊరుకోడు. సాహా 1893లో ఢాకా దగ్గరి పల్లెలో చిన్న కిరాణా కొట్టువాడి ఇంట పుట్టారు. పైచదువు కోసం వేరే ఊళ్ళో ఒక డాక్టరు గారింట్లో ఉండి, ఆవును చూసుకుంటూ బడికి వెళ్ళారు. 1905లో గవర్నర్ రాకకు నిరసన తెలిపినందుకు స్కాలర్‌షిప్ పోయింది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటే, పై కులాల విద్యార్థులు కొందరు ఆయన తమతో కలిసి ఒకే హాల్లో భోజనం చేయడానికి ఒప్పుకోలేదు. ఆ హాస్టల్ కుర్రవాడే 1920లో నక్షత్రాల వెలుగును చదివే సూత్రం ఇచ్చారు.

ఆ సూత్రం ఏమిటో మాకు అర్థమైనంత వరకు చెప్తాం. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యమధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానిది ఒక్కో వరుస. నక్షత్రానికీ నక్షత్రానికీ ఈ గీతలు వేరుగా ఉంటే, వాటిలోని పదార్థమే వేరనిపించేది. వేడి, పీడనం బట్టి అణువుల నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోతాయో సాహా లెక్కగట్టి చూపారు. గీతల్లో తేడాకు ముఖ్య కారణం ఉష్ణోగ్రత అని తేలింది. 1925లో సిసిలియా పేన్ అనే పాతికేళ్ళ యువతి ఆ సమీకరణంతోనే లెక్కలు వేసి, నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేల్చింది. ఆమె ఫలితం నమ్మదగింది కాదని హెన్రీ నోరిస్ రస్సెల్ అనే పెద్దాయన అంటే, ఆమె తన థీసిస్‌లోనే అది బహుశా నిజం కాకపోవచ్చని రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఆ పెద్దాయనే వేరే దారిలో అదే నిజమని ఒప్పుకున్నాడు. భోజనాల హాల్లో చోటు లేని ఒక కుర్రవాడు, మాటకు విలువ దక్కని ఒక ఆడపిల్ల. నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనుషులకు తెలిసింది వీళ్ళిద్దరి లెక్కల వల్ల.

ఇదంతా చెప్తే మా మిత్రుడొకడు ఒక్క మాటలో నోరు మూయించాడు: "సాహా కథ బాగుంది, మా చెల్లి పెళ్ళికి ఎవడిస్తాడు?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు మన ఇళ్ళు చూడనివాళ్ళు. పరిశోధన అంటే అయిదారేళ్ళు. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె వేరే. వయసు పరిమితి 30 అయితే మనకు మరో 5 ఏళ్ళు సడలింపు. ఎస్సీ విద్యార్థుల కోసం 2005-06లో మొదలైన జాతీయ ఫెలోషిప్ కూడా ఉంది. ఈ డబ్బు చిన్న ఉద్యోగం జీతానికి తీసిపోదు. ఈ సంగతే చాలామందికి తెలియదు, అందుకే నోటీసు బోర్డు గురించి మొదట్లోనే ఎత్తుకున్నాం.

కానీ కాగితం మీది డబ్బు వేళకు చేతికి రావాలి కదా. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, తన చివరి ఉత్తరంలో కార్ల్ సేగన్‌లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని రాశాడు. ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావాల్సి ఉందని కూడా అదే ఉత్తరంలో రాశాడు. నక్షత్రాలూ, ఆగిపోయిన ఫెలోషిప్పూ ఒకే కాగితం మీద. పరిశోధనకు రండి అని తమ్ముళ్ళను పిలిచే ముందు, ఫెలోషిప్ నెలనెలా వేయండని అడగడం మా బాధ్యత. ఉద్యోగుల జీతం ఏడు నెలలు ఆగితే ఊరుకుంటారా?

ఇక పరికరాలు లేవు, ల్యాబ్ లేదు అనేవాళ్ళకు జువాలజీవాళ్ళ జవాబు ఒకటుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్‌కర్ గారు ఒక జాతి కందిరీగల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. భవనాల మీద గూళ్ళు పెట్టే మామూలు కందిరీగలే. ఒక్కోదాని వీపు మీద ఒక్కో రంగు చుక్క పెట్టి, ఏది ఎవరిని తరుముతోంది, ఏది మేత తెస్తోంది అని గంటల తరబడి కూర్చుని రాసుకోవడమే ముఖ్యమైన పని. ఆ జాతిలో రాణి గయ్యాళిది కాదు, గూట్లో ఉన్న సాధువుల్లో సాధువు. రాణిని తీసేస్తే కూలి ఈగల్లో ఒకటి ఒక్కసారిగా దూకుడు చూపిస్తుంది, రాణి అయ్యాక క్రమంగా అదీ నెమ్మదిస్తుంది. పెద్ద ఖర్చు లేకుండానే గట్టి సైన్సు చేయవచ్చని ఆయన ఒక పుస్తకమే రాశారు. మన మెస్ వెంటిలేటర్‌లో ఏటా కందిరీగలు గూడు పెడతాయి. మనం చీపురుకు గుడ్డ చుట్టి తగలబెడతాం!

పరిశోధనకు మన హాస్టల్లోనే పడి ఉన్న సరుకు ఇంకొకటుంది. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం కాలేజీ విద్యార్థుల మెస్ చార్జీలను నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి పాత రేటే నడిచింది. ఆ ఏళ్ళలో కందిపప్పు, నూనె, గుడ్డు ధరలు ఆగాయా? రేటు మారకుండా ధరలు పెరుగుతూ పోతే తల ఒక్కింటికి పడే పప్పు ఎన్ని గ్రాములు తగ్గింది? ఏ నెల నుంచి చారు పలచబడింది? బాబాసాహెబ్ కూలి గురించి అడిగిన ప్రశ్నే ఇది, కంచం దగ్గరికి వచ్చింది. దీనికి జవాబు ఇచ్చే కాగితాలు స్టోర్ రూంలో బీరువా మీద కట్టలుగా ఉన్నాయి. రోజూ ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోలు తీశారు, ఏ ధరకు కొన్నారు, అన్నీ మెస్ రిజిస్టర్లలో ఉన్నాయి. వేసవి సెలవుల్లో పాత పేపర్లవాడు వచ్చేలోపు వార్డెన్ సార్‌ను అడిగి వాటిని పక్కన పెట్టించాలి. ఎకనామిక్స్ చదివేవాళ్ళు ఇద్దరు, లెక్కలు బాగా వచ్చిన ఇంటర్ తమ్ముడు ఒకడు ముందుకొస్తే చాలు. ఎలా మొదలుపెట్టాలో చూపించడానికి మేము నెలకు రెండు ఆదివారాలు వస్తాం.