రాజు పోయాడు, పుట్టుక పెత్తనం పోలేదు

జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన పిటిషన్ అది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని, మూడు నెలల్లో జైలు మాన్యువళ్లు సవరించాలని కోర్టు ఆదేశించింది. గణతంత్రం వచ్చి 74 ఏళ్లు దాటినా వంట ఎవరు చేయాలో, చీపురు ఎవరు పట్టాలో పుట్టుకను బట్టి తేల్చే రూళ్లు ప్రభుత్వ పుస్తకాల్లోనే ఉన్నాయన్నమాట.

పుట్టుకకు పదవితో ఏం పని అని 230 ఏళ్ల క్రితమే నిలదీసిన పుస్తకం ఒకటుంది. థామస్ పెయిన్ రాసిన 'రైట్స్ ఆఫ్ మ్యాన్'. మొదటి భాగం 1791లో, రెండోది 1792లో వచ్చాయి. పెయిన్ జమీందారూ కాదు, పెద్ద చదువులు చదివినవాడూ కాదు. ఇంగ్లండులో కార్సెట్లు కుట్టే ఇంట పుట్టి, తండ్రి దగ్గరే ఆ పని నేర్చుకున్నాడు. కులవృత్తి వదిలేసినవాడే అనుకోవచ్చు.

ఫ్రెంచి విప్లవాన్ని తిడుతూ ఎడ్మండ్ బర్క్ 1790లో రాసిన పుస్తకానికి ఇది జవాబు. 1688లో పూర్వీకులు రాజవంశానికి ఇచ్చిన మాట తర్వాతి తరాలనూ కట్టేస్తుందని బర్క్ వాదం. చచ్చిపోయినవాళ్లకు బతికున్నవాళ్ల మీద అధికారం ఎక్కడిదని పెయిన్ ప్రశ్న. లెక్కల పండితుడి కొడుకు పుట్టుకతోనే లెక్కల పండితుడు కానప్పుడు, పాలకుడి కొడుకు పాలకుడెలా అవుతాడని కూడా అడిగాడు. మనుస్మృతి పేరు చెప్పి నోరు మూయించే చోట పెరిగినవాళ్లకు ఈ తగాదా కొత్తది కాదు.

ఆ పుస్తకానికి పట్టిన గతి ఇంకా ఆసక్తికరం. ఖరీదైన ప్రతిగా పెద్దమనుషుల చేతుల్లో ఉన్నంతకాలం ప్రభుత్వం ఓర్చుకుంది. ఆరు పెన్నీల చౌక ప్రతులు చేనేత పనివాళ్ల దాకా, చెప్పులు కుట్టేవాళ్ల దాకా చేరాక రాజద్రోహం కేసు పెట్టింది. పెయిన్ విచారణకు ముందే ఫ్రాన్స్ చేరాడు. 1792 డిసెంబరులో అతను లేకుండానే విచారించి దోషిగా తేల్చారు. పుస్తకం అమ్మినవాళ్లను జైల్లో పెట్టారు. ఏం రాశారన్నదానికంటే ఎవరు చదువుతున్నారన్నదే వాళ్ల భయం. ఆ భయం మనకు బాగా తెలుసు.

ఇదే పుస్తకాన్ని 1847లో పుణెలో ఇరవై ఏళ్ల జోతిరావు ఫూలే చదివారు. ఆ మరుసటి ఏడాదే ఆడపిల్లలకు బడి తెరిచారు. పుస్తకం చదివే తెరిచారని అనను, సావిత్రిబాయి లేకుండా ఆ బడి లేదు. కానీ 1873 నాటి 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు ఆయన అంకితమివ్వడం వెనుక ఈ చదువు ఉంది. పెయిన్ గురి రాజు, ప్రభువుల మీద. ఫూలే దాన్ని ఊళ్లోకి తెచ్చారు. ఇక్కడ వారసత్వం సింహాసనంతో ఆగదు, పూజారి దగ్గర మొదలై పాకీపని దాకా దిగుతుంది.

ఇంగ్లండు కూడా పెయిన్ ప్రశ్నకు ఏళ్ల తరబడి జవాబు వాయిదా వేసింది. 1999లో ప్రభువుల సభ నుంచి వారసత్వ సభ్యులను చాలావరకు పంపేసి కూడా 92 మందిని ఉంచారు. వాళ్లనూ తీసేసే బిల్లు 2024లో గానీ రాలేదు.

మన రాజ్యాంగం రాజును ఒక్క రోజులో తీసేసింది. సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత మిగిలే ఉంటుందని 1949 నవంబర్ 25నే అంబేడ్కర్ హెచ్చరించారు. కేంద్రం 2024లో బయటపెట్టిన లెక్క చూడండి. వివరాలు సేకరించిన దాదాపు 38,000 మంది మురుగు కాల్వల, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో సుమారు 69 శాతం దళితులు. వాళ్లే దిగాలని ఇప్పుడు ఏ చట్టంలోనూ లేదు, కాంట్రాక్టరుకు ఆ చట్టంతో పనీ లేదు.

జైళ్ల సంగతికొస్తే, మూడు నెలల గడువు ఎప్పుడో దాటింది. మీ జిల్లా జైలు రిజిస్టరులో కులం గడి ఉందో లేదో పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడగొచ్చు.