కాగితం లేని కట్టు

మొన్న మా కాలేజీలో ఒక కుర్రవాడు ఏదో ఇంగ్లీషు సినిమాలో చూసిన యూరపు కోటను తనివితీరా వర్ణించి, "క్యాజిల్‌కు తెలుగులో మాటేమిటి సార్?" అని అడిగాడు. "కోట" అనబోయి ఆగాను. కోట రాజుది. మా ఇబ్రహీంపట్నం పేరులో ఉన్న ఇబ్రహీం కుతుబ్‌షాకు గోలకొండ ఉన్నట్టు. నాలుగూళ్ల మీద పెత్తనం చేసే దొర కట్టుకున్నదానికి మన తెలంగాణలో వేరే మాట ఉంది. గడీ.

ఎత్తయిన గోడ, ఏనుగు పట్టేంత దర్వాజా, బురుజులు. పోలికలకేం, బోలెడు. 1066లో ఇంగ్లండును గెలిచిన విలియం కట్టించిన కోటలు చాలామటుకు గెలిచిన జనాన్ని అణచి ఉంచడానికే. గడీ గోడ కూడా ఊరివైపే చూసేది.

తేడా అంతా వెట్టిలో ఉంది. అక్కడి రైతు వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో ఊరికే చాకిరీ చెయ్యాలి. ఎన్ని రోజులో, పండుగకు ఎన్ని కోడిగుడ్లు తేవాలో కచేరీ చిట్టాలలో పేరుపేరునా ఎక్కేది. 1381లో తిరగబడ్డ రైతులు ఆ చిట్టాలనే వెతికి వెతికి తగలబెట్టారు.

మన వెట్టికి చిట్టా ఏది? అప్పుకింద పనికి కుదిరిన భాగేలాకైనా ఒక పత్రం ఉండేదేమో గాని, వెట్టివాడికి కులమే పత్రం. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగలు చెప్పులూ మోటతోళ్లూ కుట్టాలి, బోయీలు మేనా మొయ్యాలి. దొర బండెక్కితే ముందొక మనిషి పరుగెత్తాలి. ఎంతదూరం అని అడగరాదు. చిట్టా అంతా ఒక్క మాటలో ఇమిడి ఉండేది: "నీ బాంచను, కాల్మొక్త!"

నోట్లో ఉన్నదాన్ని తగలబెట్టడం ఎట్లా? పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలుకు పొలం పట్టి సేద్యం చేసింది. పంట ఎత్తుకుపోను విసునూరు దేశముఖు మనుషులు వస్తే, ఆంధ్రమహాసభవారు అడ్డం తిరిగి ఆ గింజలు ఆమె ఇంటికి చేర్చారు. జనం నోట ఆ సభ పేరు 'సంఘం'. 1946 జూలై 4న కడవెండిలో ఆ దేశముఖు మనుషుల తుపాకికే దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. సాయుధపోరు 1951 దాకా సాగింది. సంఘం నిలిచిన ఊళ్లలో వెట్టి ఆగింది. ఈలోగా 1949లో జాగీర్లూ రద్దయ్యాయి.

ఇదంతా చెబితే కుర్రవాడు, "అయితే అప్పటితో అయిపోయింది కదా సార్!" అన్నాడు.

నాకు మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. 1990 ప్రాంతంలో, నా చిన్నప్పుడు, ఆమె వెంట సంతకు పోయేవాణ్ణి. దారిలో పాత గడీ ఒకటి. పైకప్పు కూలి, లోపల తుమ్మచెట్లు మొలిచాయి. పావురాలు తప్ప ప్రాణి లేదు. ఆ గోడ రాగానే నాయనమ్మ చెప్పులు విడిచి చేతబట్టేది. ఎండకు నేల కాలుతుండేది.

"ఎవరున్నరే లోపల?" అన్నాను ఒకసారి.

"ఎవరు లేరు బిడ్డా" అంటూనే గోడ దాటిందాకా నడిచి, అప్పుడు చెప్పులు తొడుక్కుంది.