కరెంటు ఉచితం, నీళ్లు కావు

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారికి,

సోమందేపల్లె పొలాల్లో కరెంటు రాగానే వేపచెట్టు కింది డబ్బాలో ఆటో స్టార్టరు టక్కుమంటుంది. పైపు రెండుసార్లు గాలి కక్కి నీళ్లు పోస్తుంది. రైతు ఇంటి దగ్గరే ఉంటాడు. మడి నిండి గట్టు పొర్లినా ఆపేవాళ్లుండరు.

2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సేద్యానికి ఉచిత విద్యుత్తు ఇచ్చింది. అప్పుల్లో కూరుకుపోయిన మెట్ట రైతుకు అది ఊపిరి. దాన్ని తీసేయమని ఈ లేఖ అడగడం లేదు. బిల్లే రానప్పుడు మోటారు కట్టేస్తే మిగిలేదేముందన్నది రైతు లెక్క. ఆ లెక్కలో పక్క చేను లేదు. రాతిపొరల నెర్రెల్లో ఉన్న నీరు అందరిదీ. ఒకరు అదేపనిగా తోడితే పక్కవాడి బోరు ఎండుతుంది, అతను అప్పు చేసి ఇంకా లోతుకు వేయిస్తాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన చూసే నేల ఈ పోటీని ఎన్నాళ్లు మోస్తుంది?

భూగర్భజలాన్ని, బోర్లను అదుపులో పెట్టేందుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. అది కాగితం దాటాలి.

ఉమ్మడి అనంతపురంలోనే కొన్ని ఊళ్ల రైతులు బోర్లను పైపులైన్లతో కలిపి, బోరు లేని చేలకూ తడి ఇచ్చారు. సోమందేపల్లెలోనూ అలాంటి ఒప్పందం కుదిర్చండి. గ్రామసభలో బోర్ల నీటిమట్టాలు చదివించండి. ఆటో స్టార్టరు తీసేసిన రైతుకు డ్రిప్పు మంజూరులో ముందు వరుస ఇవ్వండి.