చవక కారుకు ఐదొందల కిలోమీటర్లు ఎందుకు?

పది లక్షల లోపు ఎలక్ట్రిక్ కారు వస్తోందని వార్త రాగానే మన దగ్గర కోరికల జాబితా తయారవుతుంది. ఒక్క ఛార్జికి ఐదొందల కిలోమీటర్లు పోవాలి, సన్‌రూఫ్ ఉండాలి, డాష్‌బోర్డు మీద పెద్ద తెర ఉండాలి, సీట్లలోంచి చల్లగాలి రావాలి. ఇందులో ఏది తగ్గినా "ఇంకో రెండేళ్లు ఆగుదాం" అంటారు. యూట్యూబ్‌లో కార్ల సమీక్షలు చెప్పేవాళ్లూ, షోరూం సేల్స్‌వాళ్లూ, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కబుర్లాడుకునే మిత్రులూ ఈ జాబితానే అప్పజెబుతున్నారు. ఇది తప్పుడు జాబితా. చవక కారును ఖరీదు చేసేదీ, దాని భద్రతకు కోత పెట్టించేదీ ఇదే.

ముందు రేంజ్ సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. దాన్ని కిలోవాట్ అవర్లలో కొలుస్తారు. కరెంటు బిల్లులో మనం యూనిట్ అనేది దాన్నే. ప్రపంచ సగటున యూనిట్ బ్యాటరీకి 115 డాలర్లు పడుతుందని బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ 2024లో లెక్కగట్టింది. టాటా టియాగో ఈవీ పెద్ద మోడల్‌లో ఉన్నది 24 యూనిట్ల బ్యాటరీ. దాన్ని 50కి పెంచాలంటే ఇంకో 26 యూనిట్లు, అంటే సుమారు 3,000 డాలర్లు, మన డబ్బులో రెండున్నర లక్షలు. పన్నులూ డీలరు లాభమూ ఇంకా కలపనేలేదు. బరువు నూట యాభై కిలోలకు పైగా పెరుగుతుంది. ఆ బరువుకు తగ్గట్టు బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు అన్నీ గట్టివి వేయాలి. పది లక్షల కారు పదమూడు, పద్నాలుగు లక్షలకు ఎక్కేది ఇలాగే. ఎక్కాక "చవక అన్నారు, ఏదీ?" అని కంపెనీని నిలదీసేదీ మనమే.

ఇంతా చేస్తే ఆ రేంజ్‌తో రోజూ పనేముంది? ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లి వచ్చినా, గాజువాక నుంచి మధురవాడకు వెళ్లి వచ్చినా అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. టియాగో పెద్ద బ్యాటరీకి కంపెనీ మొదట్లో చెప్పిన రేంజ్ 315 కిలోమీటర్లు. అది వేగం గంటకు 90 దాటని ప్రామాణిక పరీక్షలో వచ్చిన అంకె కాబట్టి, ఏసీ వేసుకుని మన రోడ్ల మీద తిరిగితే రెండొందల దగ్గర ఆగుతుందనుకుందాం. అయినా మూడు రోజులు గడుస్తాయి. సెల్లార్‌లో పదిహేను యాంపుల ప్లగ్గుకు రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి దాదాపు నిండుతుంది.

"మరి సంక్రాంతికి ఊరెళ్లాలంటే?" అంటారు. రేంజ్ వాదనకు ప్రాణమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పోయే దారి కోసం ఏడాది పొడవునా రెండున్నర లక్షల బరువు మోయమంటున్నారు. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. దాదాపు సగం దారిలో సూర్యాపేట వస్తుంది, పెట్రోలు కారులో వెళ్లేవాళ్లూ అక్కడ ఆగి తింటారు. ఫాస్ట్ ఛార్జర్ మీద 57 నిమిషాల్లో 10 శాతం నుంచి 80 శాతానికి చేరుతుందని టియాగో గురించి కంపెనీ చెప్పింది. ఒక్క ఆగుడు చాలు. పండగ ముందు ఛార్జర్ల దగ్గర క్యూ ఉంటుందన్నది నిజమే, అది చిన్న కష్టమూ కాదు. ఆ కష్టం తీరాలంటే హైవే పక్కన ఛార్జర్లు పెరగాలి.

అంటే చవక కారులో మనం పట్టుబట్టాల్సింది ఫాస్ట్ ఛార్జింగ్ సాకెట్టు కోసం. 2023లో వచ్చిన ఎంజీ కామెట్‌లో 10.25 అంగుళాల తెరలు రెండు పెట్టారు, ఫాస్ట్ ఛార్జింగ్ మాత్రం ఇవ్వలేదు. ఊళ్లో తిరిగే బుల్లి కారుకు అది అక్కర్లేదని వాదించవచ్చు. రెండో తెర అంతకన్నా అక్కర్లేదు. యూరప్‌లో ఫోక్స్‌వాగన్ 2027 కోసం సిద్ధం చేస్తున్న ఇరవై వేల యూరోల కారుకు కనీస రేంజ్ 250 కిలోమీటర్లని చెప్పింది. అమెరికాలో స్లేట్ అనే కొత్త కంపెనీ 2025లో చూపించిన బండిలో రేడియో లేదు, టచ్‌స్క్రీన్ లేదు, అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి. ధనిక దేశాల్లోనే ధర దించడానికి ఇంత తెగిస్తుంటే, మనం సన్‌రూఫ్ అడుగుతున్నాం. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నెత్తి మీద గాజు పలక ఎవరికి సుఖం?

ఆ ఎండే బ్యాటరీకీ శత్రువు. నిస్సాన్ మొదటి తరం లీఫ్ కారులో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. అమెరికాలో ఫీనిక్స్ ఎండలకు దాని బ్యాటరీలు తొందరగా క్షీణిస్తున్నాయని 2012లో యజమానులు గోల పెట్టారు, చివరికి కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి విడిగా వారంటీ ఇవ్వాల్సి వచ్చింది. మనకు కావాల్సింది కూలెంట్ తిరిగే బ్యాటరీ, వేడికి ఓర్చుకుని ఎక్కువ కాలం మన్నే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. ఈ రకం సెల్స్ అదే బరువుకు కాస్త తక్కువ కరెంటు పట్టుకుంటాయి. రేంజ్ అంకె కోసం పట్టుబడితే కంపెనీ వీటిని వదిలి వేరేవాటి వైపు చూస్తుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అవి కార్లు కావు, కానీ బ్యాటరీ నాణ్యత దగ్గర బేరం కూడదని చెప్పడానికి మనకు అంతకన్నా ఏం కావాలి? ఆ ఏడాదే కేంద్రం కార్లతో సహా అన్ని ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ నిబంధనలనూ కఠినం చేసింది.

ఇంత ధరలో భద్రత కుదరదనే మాట మరీ అన్యాయం. 2024 మార్చిలో సిట్రోయెన్ ఈసీ3కి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు ఒక్క స్టారూ రాలేదు. పరీక్షించిన కారులో ఉన్నవి రెండే ఎయిర్‌బ్యాగులు. దానితో ధరలో పెద్ద తేడా లేని టాటా పంచ్ ఈవీకి అదే ఏడాది భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు వచ్చాయి. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలన్న నిర్ణయంలోనే తేడా ఉంది. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను కేంద్రం 2023లో వదిలేసింది. కాబట్టి అడగాల్సింది కొనేవాళ్లే.

జాబితా రాసేవాళ్లు పూర్తిగా మరిచిపోయే మనిషి ఇంకొకరున్నారు. నిజంగా డబ్బుకు ఇబ్బందిపడే కుటుంబం ఈ కారును షోరూంలో కొనదు, ఐదారేళ్ల తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంది. ఆ రోజుకు తెరలు పాతబడతాయి, మిగిలే విలువంతా బ్యాటరీదే. యూరప్ తెచ్చిన యూరో 7 నియమం ప్రకారం కారు బ్యాటరీ ఐదేళ్లకో లక్ష కిలోమీటర్లకో 80 శాతం, ఎనిమిదేళ్లకో 1,60,000 కిలోమీటర్లకో 72 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఇక్కడ కొన్ని కంపెనీలు గొప్పగా ప్రకటించే జీవితకాల వారంటీ మొదటి యజమానికే పరిమితం. బండి చేతులు మారితే అందరికన్నా అవసరమున్న మనిషికి ఆ రక్షణ పోతుంది. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో కారే చూపించాలి, వారంటీ బండితోపాటు రెండో యజమానికీ పోవాలి. రేపు చవక కారు బుక్ చేయబోయేవాళ్లు డీలరును మొదట అడగాల్సినవి ఈ రెండూ. జవాబు కాగితం మీద రాయించుకుని, అప్పుడు అడ్వాన్సు కట్టాలి.