నేరో దావొలా పక్కన మటన్ చుక్కా పెట్టకండి

వైను సంగతి సంఘం పేజీలో ఎందుకని పెద్దలు కోప్పడవద్దు. తాగమని చెప్పడానికి రాయడం లేదు. తాగేవాళ్లు మన ఇండ్లలో ఉన్నారు, విందుల్లో సీసాలు కనిపిస్తున్నాయి. పక్కన ఏం పెట్టాలో తెలియక వైనునూ కూరనూ రెండింటినీ పాడు చేసుకుంటున్నాము.

మా అల్లుడు ఆఫీసు పని మీద ఇటలీ పోయి వస్తూ సిసిలీ దీవి ఎర్ర వైను ఒక సీసా తెచ్చినాడు. పేరు నేరో దావొలా. నేరో అంటే నలుపు. ఆవొలా అనేది ఆ దీవి ఆగ్నేయ మూలన సిరాకుజా దగ్గరున్న ఊరు. గ్లాసులో పోస్తే నేరేడు పండు రసం మాదిరి ఉంది. ఆ రోజు ఇంట్లో మటన్ చుక్కా, మిరియాలూ ఎండుమిరపా దండిగా వేసినది. ఘాటు వైనుకు ఘాటు కూర అని ఎవరో చెప్పిన మాట నమ్మినాము. రెండో గుటకకే నోరు మండిపోయి నీళ్ల చెంబు వెతుక్కున్నాము.

ఈ వైనులో ఆల్కహాలు మామూలుగా 13, 14 శాతం ఉంటుంది. మిరప మంటను ఆల్కహాలు పెంచుతుందే గాని తగ్గించదు. పైగా మంట మీద వైను వగరు ఇంకా గరుకుగా తగులుతుంది. గట్టి వైను అంటే రంగూ, వగరూ, చిక్కదనమూ ఉన్నదని అర్థం. కారానికి జోడీ అని కాదు.

మరి ఆ దీవివాళ్లు దేనితో తాగుతారు? ముందు చెప్పుకోవలసింది వంకాయ. కటానియా ఊరి వంటకం పాస్తా అల్లా నోర్మా: నూనెలో వేయించిన వంకాయ, టమాటా, తులసి జాతి ఆకు, పైన ఉప్పు పట్టించిన రికొత్తా జున్ను తురుము. ఆ ఊళ్లో పుట్టిన సంగీతకారుడు బెల్లీని 1831లో కట్టిన 'నోర్మా' ఒపెరా పేరే దానికి పెట్టుకున్నారు. ఇంకొకటి కాపొనాతా. వంకాయలో వెనిగరూ చక్కెరా వేసి చేసే పులుపు తీపి కూర. మన బెల్లం వేసిన వంకాయ పులుసు తిన్నవాళ్లకు అది కొత్తగా అనిపించదు. ఆ వంకాయ కూడా ఆసియా నుంచి అరబ్బుల చేతుల మీదుగా సిసిలీ చేరినదే.

మిగిలిన సగం సీసాతో మరునాడు మా ఇంటామె మిరప లేకుండా వంకాయ టమాటా వేయించి పెట్టింది. నిన్నటి వైనేనా ఇది అనిపించింది. టమాటా పులుపుకు వైను పులుపు సరిపోయింది, వంకాయ నూనె వగరును మెత్తబరిచింది. కాల్చిన గొర్రె మాంసం, సోంపు వేసిన సాసేజి, ముదిరిన గొర్రెపాల జున్ను కూడా దీనికి బాగుంటాయంటారు.

మమ్మల్ని ఎక్కువగా తాకిన సంగతి వేరే. చాలా కాలం ఈ వైను పీపాలకు పీపాలు ఉత్తర ఇటలీకీ ఫ్రాన్సుకూ పోయేది. అక్కడి పలచని వైన్లకు రంగూ బలమూ ఇవ్వడానికి కలిపేవారు. సీసా మీద పేరు ఉత్తరాదివాళ్లది. గూడ్స్ ఆఫీసులో ఏండ్ల తరబడి రసీదులు రాసినవాళ్లము మేము. సరుకు ఎక్కడ ఎక్కిందో రాయకుండా బండి కదలనివ్వలేదు. ఇక్కడ సరుకు పోయింది, ఊరు పోలేదు. ఇంకా విడ్డూరం, ఇటలీ ద్రాక్ష రకాల జాబితాలో దీని పేరు కలాబ్రెసె, అంటే జలసంధి అవతలి కలాబ్రియాది అని. జనగణనలో మాతృభాష గడిలో అలవాటుగా తమిళం అని రాయించి వచ్చే మన ఇండ్లవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు తన పేరుతోనే అమ్ముడవుతోంది. ఫ్రప్పాతో ద్రాక్షతో కలిపి చేసే చెరాసువోలో దీ విత్తోరియాకు 2005లో ఇటలీ అత్యున్నత హోదా కూడా ఇచ్చింది. అప్పట్లో సిసిలీలో ఆ హోదా దానికొక్కదానికే.

కాబట్టి విందులో ఈ సీసా తెరిస్తే పక్కన వంకాయ పెట్టండి, చుక్కా వేరే పంక్తిలో వడ్డించండి. మన ఎండకు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చాలు. ఐసు ముక్కలు మాత్రం వేయకండి, మా అల్లుడు ఇంకా అలిగే ఉన్నాడు.