థాయ్‌లాండ్‌లో ఇల్లు కొంటే నేల ఎవరిది?

2022 అక్టోబరులో థాయ్‌లాండ్ మంత్రివర్గం ఒక ముసాయిదాకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. నాలుగు కోట్ల బాత్‌లు, అంటే మన లెక్కలో పది కోట్ల రూపాయలకు పైగా, ఆ దేశంలో పెట్టుబడి పెట్టే సంపన్న విదేశీయులు ఒక రై వరకు నివాస భూమి కొనుక్కోవడానికి నిబంధనలను సడలించాలన్నది దాని సారాంశం. రై అంటే 1,600 చదరపు మీటర్లు, సుమారు 40 సెంట్లు. దేశాన్ని అమ్మేస్తున్నారంటూ ప్రతిపక్షాలు, సామాన్య జనం భగ్గుమన్నారు. నెల తిరగకుండానే, నవంబరులో, ప్రభుత్వం ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంది.

2024 జూన్‌లో మరో ప్రయత్నం జరిగింది. విదేశీయుల లీజు గడువును 30 నుంచి 99 ఏళ్లకు, కాండోమినియంలలో వారి వాటాను 49 నుంచి 75 శాతానికి పెంచే అవకాశాన్ని పరిశీలించాలని మంత్రివర్గం హోం శాఖను కోరింది. మళ్లీ అదే ఆగ్రహం ఎదురైంది. ప్రభుత్వాలు మారినా, ఆర్థిక వ్యవస్థ నెమ్మదించినా, భూమి విషయంలో థాయ్ ప్రజల మనసు మారలేదని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

2023 నవంబరులో భారతీయులకు వీసా మినహాయింపు వచ్చాక బ్యాంకాక్, ఫుకెట్ ప్రయాణాలు మనవాళ్లకు మరింత సులువయ్యాయి. సెలవులకు వెళ్లిన చోటే ఒక ఇల్లు ఉంటే బాగుండునన్న ఆలోచన ఆ వెంటే వస్తుంది. బ్రోషర్లలో ఈత కొలను, పచ్చిక, కాపలా గేటు కనిపిస్తాయి. ఆ గేటు లోపలి నేల ఎవరి పేరున ఉంటుందో మాత్రం కనిపించదు.

ఫ్లాటు వేరు, ఇల్లు వేరు

గేటెడ్ కమ్యూనిటీని థాయ్‌లాండ్‌లో ‘మూ బాన్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం ఊరు. చియాంగ్ మాయ్ శివారులోని హాంగ్ డాంగ్, సాన్ సాయ్ మొదలుకొని హువా హిన్, పట్టాయా దాకా ఇలాంటి ‘ఊళ్లు’ వందల సంఖ్యలో వెలిశాయి. వీటిలో కొనుగోలుదారులు ఎక్కువగా థాయ్ మధ్యతరగతివారే.

1979 నాటి కాండోమినియం చట్టం ప్రకారం ఒక భవనంలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకు విదేశీయులు సొంతం చేసుకోవచ్చు. డబ్బు విదేశీ మారకంగా బయటి నుంచి వచ్చినట్టు బ్యాంకు పత్రం చూపితే చాలు, పూర్తి హక్కుతో రిజిస్ట్రేషన్ జరుగుతుంది. మూ బాన్‌లోని ఇల్లు అలా కాదు. దాని కింద విడి స్థలం ఉంటుంది. 1954 నాటి భూ చట్టం విదేశీయుడిని ఆ స్థలం దగ్గరే ఆపేస్తుంది. ఇంటి కట్టడాన్ని వేరుగా అతని పేరున రిజిస్టర్ చేయవచ్చు గానీ, నేలను చేయరు. దీర్ఘకాలిక వీసా, ప్రివిలేజ్ కార్డు, రిటైర్మెంట్ వీసా ఏది ఉన్నా ఈ నియమం మారదు. భార్య థాయ్ పౌరురాలైతే ఆమె పేరున స్థలం కొనవచ్చు. అయితే ఆ డబ్బు పూర్తిగా ఆమె సొంతమని, అందులో తనకు హక్కు లేదని భర్త భూమి కార్యాలయంలో సంతకం చేయాల్సిందే.

ముప్పై ఏళ్ల గీత

ఇక మిగిలిన దారి లీజు. థాయ్ పౌర, వాణిజ్య స్మృతి ప్రకారం స్థిరాస్తి లీజుకు గరిష్ఠ గడువు 30 ఏళ్లు. మూడేళ్లు దాటిన ఏ లీజైనా భూమి కార్యాలయంలో నమోదైతేనే చెల్లుతుంది. ఈ రెండు వాక్యాలను చుట్టి వచ్చేందుకే ‘30+30+30’ అనే ఆకర్షణ పుట్టింది. మొదటి లీజు ముగియగానే మరో ముప్పై, ఆ తర్వాత ఇంకో ముప్పై ఇస్తామని ఒప్పందంలో రాస్తారు. కొనేవారి చెవికి అది 90 ఏళ్లుగా వినిపిస్తుంది.

చట్టం దృష్టిలో మాత్రం నమోదైన మొదటి 30 ఏళ్లే హక్కు. మిగతావి మాట ఇచ్చిన మనిషికి, పుచ్చుకున్న మనిషికి మధ్య ఒప్పందం మాత్రమే. స్థలం చేతులు మారితే నడుస్తున్న లీజును కొత్త యజమాని గౌరవించక తప్పదు గానీ, పొడిగిస్తామన్న పాత యజమాని వాగ్దానం ఆయన్ను కట్టిపడేయదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ బిల్డరు కంపెనీ ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? పైగా లీజు హక్కు అద్దెదారు వ్యక్తికే పరిమితమని అక్కడి కోర్టులు భావిస్తాయి. వారసులకు దక్కుతుందని ఒప్పందంలో స్పష్టంగా రాయకపోతే, కొన్న మనిషి చనిపోవడంతో హక్కు కూడా ముగిసే ప్రమాదం ఉంది. గడువు తీరాక కట్టడం ఎవరిదవుతుందన్నది కూడా ముందే రాసుకోవాలి.

కంపెనీ ముసుగు

దీనికి విరుగుడుగా దళారులు చూపే దారి కంపెనీ. 51 శాతం వాటా థాయ్ పౌరుల పేరున, 49 శాతం విదేశీయుడి పేరున పెట్టి, ఆ కంపెనీ చేత స్థలం కొనిపిస్తారు. ఆ థాయ్ వాటాదారులు నిజంగా పెట్టుబడి పెట్టినవారైతే ఇబ్బంది లేదు. కానీ చాలాసార్లు వారు పేరు అరువిచ్చినవారే.

తెలుగు పాఠకులకు ఇది కొత్త కథేమీ కాదు. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనకుండా 1970లో వచ్చిన 1/70 చట్టం అడ్డుకట్ట వేసింది. ఆ కట్ట కింద నుంచి బినామీ పేర్లతో సాగిన లావాదేవీల గురించి భద్రాచలం నుంచి అరకు దాకా ఎవరిని అడిగినా చెబుతారు. బినామీకి థాయ్‌లాండ్‌లో వాడే మాట ‘నామినీ’. భూ చట్టం ప్రకారం అలా పేరు అరువిచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు లేదా జరిమానా పడవచ్చు, స్థలాన్ని నిర్ణీత గడువులో అమ్మేయాలని అధికారులు ఆదేశించవచ్చు. ఫుకెట్, కో సముయ్ వంటి చోట్ల ఇలాంటి కంపెనీలపై కొన్నేళ్లుగా తనిఖీలు ముమ్మరమయ్యాయి. ఏజెన్సీలో గిరిజనుడి భూమిని కాపాడే చట్టాన్ని సమర్థించేవారు, థాయ్ రైతు భూమిని కాపాడే చట్టానికి కన్నం వేయడం ఎంత న్యాయమో కూడా ఆలోచించుకోవాలి.

గేటు లోపలి పాలన

2000 సంవత్సరపు భూ కేటాయింపు చట్టం ప్రకారం పది లేదా అంతకు మించి ప్లాట్లుగా విడగొట్టి అమ్మే ప్రాజెక్టుకు అనుమతి తప్పనిసరి. రోడ్లు, మురుగు కాలువలు, పార్కు వంటి ఉమ్మడి వసతులను నివాసుల సంఘానికి అప్పగించేదాకా నిర్వహించాల్సింది బిల్డరే. ఆ సంఘానికి చట్టబద్ధ హోదా ఉంటుంది. నిర్వహణ రుసుము ఆరు నెలలు బకాయి పడితే ఆ ఇంటి అమ్మకం రిజిస్ట్రేషన్‌నే నిలిపివేయించే అధికారం కూడా దానికుంది. బిల్డరు ఎప్పుడు అప్పగిస్తాడు, కార్పస్ నిధి లెక్క ఏది అన్న గొడవలు హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో ఉన్నవారికి బాగా తెలిసినవే.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది, తొమ్మిది ఇళ్లతో సరిపెట్టే చిన్న ప్రాజెక్టులు ఈ చట్టం పరిధిలోకే రావు. అక్కడి రోడ్డు ఒక ప్రైవేటు వ్యక్తి పేరున ఉండిపోవచ్చు. రెండోది, సంఘంలో సభ్యత్వం స్థలం కొన్నవారికే. లీజుదారుడు నెలనెలా రుసుము కడతాడు గానీ, ఓటు మాత్రం భూ యజమానిది. విదేశీయుల కోసమే కట్టిన మూ బాన్‌లో ఆ యజమాని చాలావరకు బిల్డరు కంపెనీయే కావడంతో, సంఘం కూడా దాని చేతిలోనే ఉంటుంది.

పత్రంపై గరుడుడు

థాయ్ భూమి పత్రాలపై గరుడ ముద్ర ఉంటుంది. దాని రంగే భూమి హోదాను చెబుతుంది. ఎర్ర గరుడుడు ఉన్నది ‘చానోట్’, అంటే పక్కా సర్వేతో కూడిన పూర్తి హక్కు పత్రం. ఆకుపచ్చ, నలుపు రంగులవి అంతకంటే తక్కువ స్థాయి పత్రాలు. ‘సో పో కో’ భూములైతే మన అసైన్డ్ భూముల్లాంటివి. రైతులకు సాగు కోసం ఇచ్చినవి, అమ్మకానికి కావు. ఫుకెట్‌లో అవి సంపన్నుల చేతికి వెళ్లాయన్న వివాదమే 1995లో చువాన్ లీక్‌పాయ్ ప్రభుత్వాన్ని కూల్చింది.

మన దగ్గర ఈసీ తీసినట్టు, అక్కడ చానోట్ వెనుక వైపు చూడాలి. తాకట్టులు, లీజులు, దారి హక్కులు అన్నీ అక్కడే నమోదవుతాయి. స్థలం అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉండి, ఆ తర్వాత లీజు రాస్తే, బిల్డరు అప్పు కట్టని రోజున చిక్కుల్లో పడేది లీజుదారుడే. స్థలం కొలత కూడా తెలిసుండాలి. అక్కడ లెక్క చదరపు ‘వా’లలో ఉంటుంది. ఒక వా నాలుగు చదరపు మీటర్లు. 50 వాల స్థలం అంటే సుమారు 239 గజాలు.

నీరు, పొగ కూడా చూడాలి. 2011 వరదల్లో బ్యాంకాక్ ఉత్తర శివారులోని రంగ్‌సిత్, బాంగ్ బువా థాంగ్ ప్రాంతాల మూ బాన్‌లు వారాల తరబడి నీటిలో ఉన్నాయి. 2024లో చియాంగ్ మాయ్‌ను పింగ్ నది ముంచింది. అదే ఊరిని ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబడే పొగ కమ్మేస్తుంది. డిసెంబరు చలిలో ఇల్లు చూసి మురిసినవారు మార్చిలోనూ ఒకసారి చూడటం మంచిది.

ఇక్కడి లెక్కలు

భారత్‌లో నివసించేవారు రిజర్వు బ్యాంకు పథకం కింద ఆర్థిక సంవత్సరానికి తలా 2.5 లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. ఆస్తి కొనుగోలుకు పంపే సొమ్ము 10 లక్షల రూపాయలు దాటితే, ఆ పై మొత్తంపై 20 శాతం టీసీఎస్ కింద బ్యాంకు పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

ఇవన్నీ చూశాక ఒక చిన్న లెక్క వేసుకోవాలి. లీజు ఇంటికి 60 లక్షల బాత్‌లు అడిగితే, దాన్ని 30 ఏళ్లకు పంచితే ఏటికి రెండు లక్షలు, నెలకు సుమారు 16,700 బాత్‌లు. అదే వీధిలో అలాంటి ఇల్లు అద్దెకు ఎంతకు దొరుకుతుందో అడగాలి. అద్దె అంతకంటే తక్కువైతే, ముప్పై ఏళ్ల అద్దె ముందే కట్టి నష్టపోతున్నట్టే. ఎక్కువైతే బేరం ఆలోచించదగ్గదే. ఎటు తేలినా అది అద్దె లెక్కే. పిల్లలకు మిగిల్చే ఆస్తి కావాలనుకునేవారు ఫ్లాటు చూసుకోవాలి. ఇల్లే కావాలనుకునేవారు కనీసం ఒక ఏడాది అద్దెకు ఉండి, ఒక వానాకాలం, ఒక పొగకాలం గడిపి, ఆ తర్వాత సంతకం పెట్టవచ్చు.