కాలం ఆగిందా, ఆపారా?

ఫెజ్ చూసొచ్చిన ప్రతివాడూ ఒకటే మాట చెప్తాడు: "అక్కడ కాలం ఆగిపోయింది." మొరాకోలోని ఆ పాత నగరానికి వెళ్తున్నానంటే నా అభ్యుదయ మిత్రుడూ ఇదే అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ముసల్మానంటే మారనివాడన్న నమ్మకం ఆ మెచ్చుకోలులో దాగుందని అతనికి తెలీదు. చూసొచ్చాను. ఇప్పుడు జవాబు చెప్తున్నాను.

పాత ఊళ్ళోకి దారి బాబ్ బూజ్లూద్. బయట నీలం పలకలు, లోపల పచ్చ పలకలు. వెయ్యేళ్ళనాటి దర్వాజా అనుకుని అందరూ దాని ముందు ఫొటోలు దిగుతారు. దాన్ని కట్టింది 1913లో, ఫ్రెంచివాళ్ళు. అసలు పాత దర్వాజా పక్కనే చిన్నగా ఉంది. దానివైపు చూసేవాడు లేడు.

1912 మార్చి 30న ఈ ఊళ్ళోనే సుల్తాన్ చేత సంతకం పెట్టించుకుని ఫ్రాన్సు మొరాకోని తన 'రక్షణ' కిందికి తెచ్చుకుంది. ఏప్రిల్లో ఫెజ్ తిరగబడింది. ఫిరంగులతో అణిచారు. ఆ అల్లర్లలోనే యూదుల పేట మల్లా మీద పడి దోచుకున్నారు, చంపారు. చేసింది మనవాళ్ళని ఆ తప్పు దాచను. తరవాత ఫ్రెంచి పాలనాధికారి లియోటే పాత ఊరిని ముట్టుకోవద్దన్నాడు. దాని బయట వెడల్పు రోడ్లతో తెల్లవాళ్ళకి కొత్త ఊరు కట్టించాడు. దీనికి పరిరక్షణ అని పేరు. కొత్తదంతా అటు, పాతదంతా ఇటు. కలిగిన కుటుంబాలు క్రమంగా కొత్త ఊరికీ కాసాబ్లాంకాకీ వెళ్ళిపోయాయి. వాళ్ళ హవేలీల్లో పల్లెలనుంచి వచ్చిన పేదలు ఇరుక్కున్నారు. 1981లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వమంది. ఆగిన కాలం వెనక కథ ఇది.

ఖరవీన్ మసీదుని 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే స్త్రీ కట్టించిందని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ జర్ రాశాడు. ముస్లింలు కానివాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. "మూసుకున్న మతం" అనుకుంటూ వెనక్కి తిరుగుతారు. దేశమంతా ఈ కట్టడిని గట్టిగా అమలు చేయించినవాడూ లియోటేనే. మన మక్కా మసీదు ఎవరికి మూశారు? సాయిబుని కాబట్టి నేను లోపలికి పోయాను. గర్వపడ్డాను కూడా. తరవాత సిగ్గేసింది, వలసపాలకుడు గీసిన గీత నాకు ఇజ్జత్‌లా కనిపించినందుకు.

షువారా తోళ్ళ కార్ఖానా చూడటానికి మేడమీదికి ఎక్కిస్తారు. వాసన తగలకుండా చేతికి పుదీనా రెమ్మ ఇస్తారు. కింద సున్నం, పావురాల రెట్ట కలిపిన తొట్లు. తోళ్ళు తొక్కుతూ, ముంచుతూ, తీస్తూ మనుషులు. చూసేవాడి ముక్కుకి పుదీనా, చేసేవాడి కాళ్ళకి సున్నం! తోలు పనివాళ్ళని ఊరవతల పెట్టిన దేశం నుంచి వెళ్ళినవాణ్ణి నేను. అక్కడ ఆ పని ఊరి నడిబొడ్డునే ఉంది. అయినా ఆ కాళ్ళ గురించి అడిగిన టూరిస్టు ఒక్కడూ నాకు కనపడలేదు. నేనూ ఫొటో తీసుకున్నాకే అడిగాను.

ఫెజ్ దాటి మెక్నెస్ వైపు పోతే వొలుబిలిస్. రోమన్ల ఊరు. 1915 నుంచి ఫ్రెంచివాళ్ళు తవ్వారు, కూలిన తోరణాన్ని మళ్ళీ నిలబెట్టారు. రోముకి వారసులం మేమేనని చెప్పుకోవడానికి ఆ రాళ్ళు పనికొచ్చాయి. కానీ 788లో ఇద్రీస్ వచ్చి దిగింది కూడా ఈ ఊళ్ళోనే. ఫెజ్‌కి పునాది వేసింది ఆయనా, ఆయన కొడుకూ. అక్కడ మొజాయిక్‌ల ముందు గుంపులు గుంపులు, ఇద్రీస్ ఊసెత్తేవాళ్ళు తక్కువ. పాత రాళ్ళు చూపించి మధ్యలో వెయ్యేళ్ళు దాటేసే విద్య మనకి కొత్తా? 1992 డిసెంబర్ 6న అయోధ్యలో ఏం జరిగింది?

మిత్రమా, చార్మినార్ దగ్గర గాజులు కొని, బిర్యానీ తిని "పాతబస్తీ మారదు" అంటూ ఇంటికెళ్తావు. మారకుండా ఎవరు ఆపారని ఎప్పుడైనా అడిగావా? నళ్ళా ఎప్పుడొస్తుందో, బడి ఎంత దూరమో, బ్యాంకు అప్పిస్తుందో లేదో కనుక్కున్నావా? పూర్వీకుల ఘనత తలుచుకుని మురిసే మనవాళ్ళని కూడా ఇదే అడుగుతున్నాను. మీనార్లు చూసింది చాలు. ఈసారి ఆ గల్లీలో మనిషితో మాట్లాడండి.